మస్కట్ నుంచి సలాలా దాక

చిదుగులు ఇంకిన్ని ఏయిరా, మంట సల్లారుతాంది. ఎడారి ముచ్చట చెప్పాల్నా? సరే, ఇనుండ్రి.

దుబాయ్ దిక్కు పోయినోళ్లంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదోళ్లే ఎక్కువ. మన ఓరుగల్లోళ్లం తక్కువ. నేనైతే ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే లారీ దిగి, బొంబాయిల విమానమెక్కి, ఒమన్‌ల ట్రైలర్ మీద కూసున్న. పోంగనే సేటు పాస్‌పోర్ట్ తీస్కొని బీరువాల పెట్టిండు. గప్పుడు అందరికీ గంతే.

మస్కట్ నుంచి సలాలా వెయ్యి కిలోమీటర్లు. నిజ్వా, ఆదం దాటినంక శానా దూరం ఊరు లేదు, చెట్టు లేదు. సినిమాల్ల సూపెట్టే ఇసుక దిబ్బలు గావు బిడ్డా, కండ్లు ఆనినంత దూరం గులకరాళ్ల చదును నేల. జిద్దత్ అల్ హరాసిస్ అంటరు దాన్ని. స్టీరింగ్ తిప్పే పనే ఉండది. గదే గండం. మన ములుగు రోడ్డు మీద గుంతలు, మలుపులు, అడ్డమొచ్చే బర్లు నిద్ర పోనియ్యవు. ఆడ రోడ్డే జోకొడ్తది. వచ్చే బండ్లకు, పోయే బండ్లకు ఒక్కటే రోడ్డు, నడుమ గీత. కునుకు పడ్డదంటే అయిపోయినట్టే.

నిద్రకు నా మందేందో ఎరుకనా? మీ బాపమ్మ పంపిన క్యాసెట్. గప్పుడు ఫోన్లు యాడివి? ఊరికెల్లి వచ్చేటోళ్ల చేతికి క్యాసెట్లు ఇచ్చి పంపేది. బర్రె ఈనింది, బాయిల నీళ్లు అడుగువట్టినయి, మిత్తి కట్టుమని షావుకారి ఇంటిమీదికొచ్చిండు... ఇయ్యే ముచ్చట్లు. నడుమ మీ నాయిన ఏడుపు. ఒక దిక్కు అయిపోతే తిప్పి ఏసేది. మిత్తి ముచ్చట ఇన్నంక నిద్దరెట్ల వస్తదిరా!

రాత్రైతే ఒంటెల భయం. సీకట్ల తారు మీదికొచ్చి నిలవడ్తయి. లైటుకు కాళ్లే కనవడ్తయి, పానమంత పైనుంటది. కారు గుద్దితే కాళ్లు ఇరిగి, ఆ బరువంత అద్దం పలగ్గొట్టుకొని డ్రైవర్ మీద పడ్తది. మేం ఎత్తుల కూసునేటోళ్లం గనుక బతికినం.

నడిమిట్ల హైమా అనే ఊరు. డీజిల్, మలయాళీల హోటల్, పరోటా. ఆ బల్ల కాడ పాకిస్తానోడు, బంగ్లాదేశోడు, మన నిర్మల్ పిలగాడు పక్కపక్కన కూసొని తినేది. బండి చెడి ఆగితే మాత్రం ఎడారిల తిరిగే బదూలే దిక్కు. పికప్ ఆపి, ముందుగాల ఖర్జూర పండ్లు, కావా అనే కాఫీ చేతుల పెడ్తరు, ఆ తర్వాతనే జాకీ ముచ్చట. ఆ రోడ్డు మీద ఆగిన బండిని ఇడిసిపోవుడు వాళ్లకు పాపం.

తుమ్రైత్ దాటితే సలాలా ఇంకో 80 కిలోమీటర్లు. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాక ఆడ ఖరీఫ్, అంటే వాన కాలం. ఎన్క దిక్కు ఎండకు పెయ్యి కాలుతాంటది, ఘాట్ దిగంగనే మంచు, తుంపర, గుట్టలన్ని పచ్చగ. శ్రావణంల మన పాకాల చెరువు కట్ట మీద నిలవడ్డట్టే అనిపించేది. కింద సముద్రం, ఒడ్డుకు కొబ్బరి చెట్లు, అరటి తోటలు, రోడ్డు పక్కన బొండాలు అమ్మేటోళ్లు. తాఖా దిక్కు పోతే చిన్న చేపలు ఇసుక మీద ఎండేస్తరు. మనుషులకు గాదు, ఒంటెలకు దాణా! ఆ కవురుకు అద్దాలెక్కియ్యకుంట పోలేం.

ఆ గుట్టల ఎన్క లుబాన్ చెట్లుంటయి. బెరడు గీరితే పాలు కారి గట్టిపడ్తయి. మనం సాంబ్రాణి ఏసినట్టు వాళ్లు గా బంక పొగేస్తరు. 2000ల యునెస్కో ఆ జాగలను మన రామప్ప గుడి ఎక్కిన ప్రపంచ వారసత్వ జాబితాలనే ఎక్కిచ్చింది. మనది ఎక్కింది 2021ల.

గిప్పుడు ఆదం నుంచి తుమ్రైత్ దాక పోను ఒకటి, రాను ఒకటి రోడ్లు చేస్తున్నరు. మంచిదే. కని డ్రైవర్ వీసా మీద పోయే పిల్లగాండ్లు మీ దోస్తులల్ల ఉంటే చెప్పుండ్రి: ఆదంల కంటినిండ నిద్ర పోయి, తెల్లారినంకనే బండి కదపాలె.