నీళ్లు నిలిచింది ఎవరి పొలంలో?

ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆగ్నేయంగా ఉన్న వేస్ప్ పట్టణంలో సైకిలెక్కి, వెక్ట్ నది గట్టు మీదుగా మౌడెన్ లాకుల దాకా, అక్కడి నుంచి పాత సముద్రపు కరకట్ట పక్కగా నార్డెన్ కోట దాకా వెళ్లి, నార్డర్‌మేర్ సరస్సును చుట్టుకుని తిరిగి రావచ్చు. ఒక్క పూటలో, పెద్దగా అలసట లేకుండా పూర్తయ్యే దారి ఇది. దారి పొడవునా పచ్చిక బయళ్లు, వాటి మధ్య గీత గీసినట్టుండే కాలువలు, నక్షత్రం ఆకారంలో ఆరు బురుజులతో, రెండు వరసల అగడ్తలతో నార్డెన్. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఒకే కథ చెబుతారు. డచ్చివాళ్లు అందరూ ఒక్కటై సముద్రాన్ని గెలిచి పోల్డర్లు, అంటే గట్ల మధ్య నీరు తోడి ఎండగట్టిన పొలాలు కట్టుకున్నారని, శత్రువు వచ్చినప్పుడు ఒక్కటై అవే పొలాల్లోకి నీళ్లు వదిలి దేశాన్ని కాపాడుకున్నారని, ఆ ఐకమత్యమే నేటి ప్రశాంతమైన సైకిల్ బాటల్లో కనిపిస్తుందని అంటారు. ఈ కథలో ఇంజనీరింగ్ గురించి చెప్పేది చాలావరకు నిజమే. నాకు ఒప్పనిది ఆ ఏకాభిప్రాయం సంగతి. ఈ నేల చరిత్రను దగ్గరగా చూస్తే సమ్మతి కన్నా తగాదా, తగాదా కన్నా బలవంతం, చివరికి ఎవరు నష్టపోవాలన్న లెక్క ఎక్కువగా కనిపిస్తాయి.

తొలిదశ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 11 నుంచి 13వ శతాబ్దం దాకా రైతులు ఇక్కడి బురద నేలల్లో వరసగా కాలువలు తవ్వి సాగు మొదలుపెట్టారు. అప్పటికి ఆ నేల సముద్రమట్టానికి పైనే ఉంది. కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల కావడంతో, నీరు తీసేసిన కొద్దీ అది ఎండి, కుంచించుకుపోయి, కిందికి దిగింది. ధాన్యం పండించిన చేలు క్రమంగా పశువుల మేతకే పనికొచ్చే చిత్తడి బీళ్లయ్యాయి. అంటే సముద్రం మీదికి రావడం సగం కథే. మిగతా సగం, మనుషులే తమ నేలను కిందికి దించుకోవడం. ఆ తరవాతే గట్లను, తూములను చూసుకునే నీటి మండళ్లు బలపడ్డాయి, 15వ శతాబ్దంలో నీళ్లు తోడే గాలిమరలు వచ్చాయి, 1612లో బేమ్‌స్టర్ సరస్సు పొలంగా మారింది. అయినా ఈ ప్రయాణం ఎప్పుడూ ముందుకే సాగలేదు. మన దారిలోని నార్డర్‌మేర్‌ను 1620లలో ఎండగట్టారు. 1629లో స్పెయిన్ పక్షపు సేనలు ఆమెర్స్‌ఫోర్ట్ దాకా చొచ్చుకురాగానే అధికారులే దాన్ని మళ్లీ నీళ్లతో నింపేశారు. 1880లలో మరోసారి ఎండగట్టబోతే కింది నుంచి ఊట ఆగక ఆ ప్రయత్నమూ వదులుకున్నారు.

ఏకాభిప్రాయ వాదానికి అసలు పరీక్ష 1672. ఆ ఏడాది ఫ్రాన్స్, ఇంగ్లండ్, మ్యూన్‌స్టర్, కొలోన్ కలిసి డచ్ గణతంత్రం మీద పడ్డాయి. అదే యుద్ధం మన తీరానికీ చేరింది. ఫ్రెంచివాళ్లు మద్రాసు పక్కన శాంథోమ్‌ను ఆక్రమిస్తే, గోల్కొండ సేనలతో కలిసి డచ్ కంపెనీ 1674లో వాళ్లను వెళ్లగొట్టింది. హాలండ్‌లో మాత్రం పరిస్థితి చెయ్యి దాటిపోయేలా ఉంది. జూన్ 12న పద్నాలుగో లూయీ సేనలు రైన్ నది దాటాయి, 20న నార్డెన్ పెద్దగా ప్రతిఘటించకుండానే లొంగింది, 23న యూట్రెక్ట్ పడిపోయింది. మౌడెన్ కూడా వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అక్కడి లాకులు శత్రువు చేతికి చిక్కి ఉంటే తరవాతి కథే ఉండేది కాదు. మౌడెన్ నుంచి దక్షిణాన గోరిన్‌కెమ్ దాకా పొలాల్లోకి నీళ్లు వదలాలని ఆజ్ఞలు వెళ్లాయి. మోకాలి లోతు చాలు. ఆ లోతులో పడవ నడవదు, అడుగున కాలువ ఎక్కడుందో తెలియక సైనికుడూ నడవలేడు. ఉపాయం తెలివైనదే. కానీ ఆజ్ఞ వెళ్లగానే ఊళ్లు సంతోషంగా తూములు ఎత్తేయలేదు. గోరిన్‌కెమ్, స్కోన్‌హోవన్, గౌడా పరిసరాల్లో రైతులు అడ్డుపడ్డారు. కొన్నిచోట్ల తూముల దగ్గర సైన్యాన్ని కాపలా పెట్టాల్సి వచ్చింది. అది ఎండుగడ్డి కోసుకునే కాలం. గడ్డి పోతే చలికాలమంతా ఆవులకు మేత ఉండదు. పైగా మౌడెన్ వైపు పారినది జైడర్‌జీ అఖాతపు ఉప్పునీరు. ఆ ఉప్పు ప్రభావం నేల మీద ఒక్క పంటతో పోదు.

రైతుల ఈ ప్రతిఘటనను చాలా కథనాలు ఒక వాక్యంలో, చిన్న అపశ్రుతిలా చెప్పి వదిలేస్తాయి. దేశం మునిగిపోతుంటే తన గడ్డి గురించి ఏడ్చినవాడి స్వార్థంగా దాన్ని చూస్తాయి. నాకలా తోచదు. ఇలా ముంచిన పొలాల వరసకు, అంటే నీటి గీతకు, పడమటి పక్కన ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్, హేగ్ క్షేమంగా ఉండాలి. ఆ క్షేమం కోసం మునగాల్సింది గీత మీద ఉన్న పల్లెలు. నిర్ణయం తీసుకున్నవాళ్లూ మునిగినవాళ్లూ ఒకరు కారు. ఆ నిర్ణయం తప్పని నేను అనడం లేదు. ఆనాటి పరిస్థితిలో మరో దారి లేదనే నా నమ్మకం. అయితే అవసరమైన బలవంతాన్ని స్వచ్ఛంద త్యాగంగా మార్చి చెప్పడం చరిత్ర కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. శతాబ్దాలుగా కలిసి గట్లు కాపాడుకున్న నీటి మండళ్ల అలవాటు లేకపోతే, ఏ తూము ఎత్తితే ఏ పొలం ఎంత మునుగుతుందో ఎవరికి తెలిసేది? ఇటీవలి డచ్ రాజకీయాల్లో పోల్డర్ మోడల్ అని గొప్పగా చెప్పుకునే సంప్రదింపుల సంస్కృతికి మూలం కూడా అదేనంటారు. ఆ మండళ్ల జ్ఞానం లేకుండా 1672 సాధ్యమయ్యేది కాదన్న మాట నిజం. కానీ ఆ మండళ్లు నడిచిన తీరు చూడాలి. ఎవరి వంతు గట్టు వాళ్లే బాగుచేయాలి. తనిఖీలో గండి కనిపిస్తే జరిమానా పడేది. గట్టు పోషించే శక్తి లేనివాడు తన పార గట్టులో గుచ్చి, భూమి వదిలి వెళ్లిపోవాలన్న ఆచారం ఉండేది. ఆ పారను పీకినవాడికి భూమీ దక్కేది, గట్టు బాధ్యతా దక్కేది. మండలిలో మాట చెల్లుబాటు కూడా భూమిని బట్టే. కలిసి బతికే పద్ధతే ఇది, కాదనలేం. అయితే దాన్ని నిలబెట్టింది అందరి ఇష్టం కాదు. తప్పించుకోవడానికి వీల్లేని బాధ్యతలు, వాటి వెనక ఉన్న శిక్షలు.

మరో దిద్దుబాటు కూడా అవసరం. నీళ్లే దేశాన్ని కాపాడాయన్న మాట పూర్తిగా నిలవదు. 1672 డిసెంబరులో నీళ్లు గడ్డకట్టాయి. ఫ్రెంచ్ సేనాని లక్సెంబర్గ్ మంచు మీదుగా వచ్చి బోడెహ్రావెన్, స్వామర్‌డామ్ గ్రామాలను తగలబెట్టాడు. మంచు కరగకపోయి ఉంటే హేగ్‌కు దారి తెరిచే ఉండేది. సముద్రం మీద డచ్ నౌకాదళం శత్రువును ఆపడం, స్పెయిన్, ఆస్ట్రియా డచ్చివాళ్ల పక్షాన చేరడం, 1673లో డచ్ సేనాధిపతి, ఆరెంజ్ యువరాజు విలియం నార్డెన్‌ను తిరిగి పట్టుకోవడం ఇవన్నీ కలిస్తేనే ఫ్రెంచివాళ్లు వెనుదిరిగారు. ఇంకో సంగతి, నేడు యాత్రికులు మెచ్చుకునే నార్డెన్ బురుజుల్లో ఎక్కువ భాగం ఆ తరవాత 1675, 1685 మధ్య కట్టినవి. 1572లో స్పెయిన్ సైన్యం ఊరి జనాన్ని దాదాపు అందరినీ ఊచకోత కోసినప్పుడు గాని, 1672లో గాని నార్డెన్‌ను దాని గోడలు కాపాడలేదు. కళ్లకు ఇంత అందంగా కనిపించే కోట విజయానికి గుర్తు కాదు, రెండు వైఫల్యాలకు జవాబు.

మిగతాది త్వరగా చెప్పుకోవచ్చు. 1815 తరవాత సైనిక ఇంజనీరు క్రాయెన్‌హాఫ్ పథకం ప్రకారం నీటి గీతను తూర్పుకు జరిపి, యూట్రెక్ట్‌ను లోపలికి తెచ్చి కొత్తగా కట్టారు. 1853 చట్టం కోటల చుట్టూ రాతి ఇళ్లు కట్టడాన్ని కట్టడి చేసింది. అవసరమైతే తగలబెట్టడానికి వీలుగా అక్కడ చెక్క ఇళ్లే కట్టుకోవాల్సి వచ్చేది. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అక్కడా భారం గీత పక్కన బతికేవాళ్లదే. 1940లో జర్మన్ ప్యారాచూట్ దళాలు నీళ్ల మీదుగా ఎగిరి వెళ్లడంతో ఆ వ్యవస్థ కాలం తీరింది. మొదట్లో చెప్పిన సైకిల్ బాటల సంగతీ ఇంతే. నేల చదును కాబట్టి డచ్చివాళ్లు సైకిల్ తొక్కుతారంటారు. 1960లలోనూ నేల అంతే చదునుగా ఉంది, అయినా కార్లు వీధులను ఆక్రమించి సైకిళ్లను పక్కకు నెట్టాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలకు పైగా చనిపోయారు, వాళ్లలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడారు, 1973 చమురు సంక్షోభం వాళ్ల వాదనకు బలమిచ్చింది. ఆ తరవాతే ప్రభుత్వం సైకిల్ బాటల వైపు మళ్లింది.

2021లో యునెస్కో ఈ నీటి గీతను ప్రపంచ వారసత్వంగా గుర్తించడం సంతోషమే. 1906లో ఒక ప్రకృతి సంరక్షణ సంఘం నార్డర్‌మేర్‌ను కొని, ఆమ్‌స్టర్‌డామ్ చెత్తకుప్ప కాకుండా కాపాడటం అంతకన్నా గొప్ప పని. కానీ ఆనందంగా సాగే ఈ దారి కింద నేల ఇంకా దిగుతూనే ఉంది. పాడి కోసం నీటిమట్టం తగ్గించిన కొద్దీ నేల ఆరి, కుంగి, కర్బన వాయువులు వదులుతోంది. 2019 వాతావరణ ఒప్పందంలో 2030 నాటికి ఈ నేలల ఉద్గారాలను ఏటా 10 లక్షల టన్నుల మేర తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంటే మళ్లీ పొలాల్లో నీటిమట్టం పెంచాలి, మళ్లీ దేశం మేలు కోసం కొందరి పచ్చిక బయళ్లు తడవాలి. అది చేయక తప్పదు. అయితే అందరూ కలిసి అన్న పాత కథను ముందుపెట్టి ఈసారీ భారాన్ని రైతు మీదే వదిలేస్తే 1672 నుంచి ఏమీ నేర్చుకోనట్టే. నీటిమట్టం పెంచడానికి ముందే నష్టపరిహారం తేల్చాలి. కోట గోడల గురించి చెప్పే ప్రతిచోటా, మునిగిన పొలాల వాళ్ల గురించీ చెప్పాలి.