ఇల్లెవరిది? శక్కర్‌నగర్ చెప్పే పాఠం

మన పారిశ్రామిక చరిత్రలలో కర్మాగారం ఎప్పుడు వెలిసిందో, ఎంత సరుకు తీసిందో లెక్కలుంటాయి. సైరను మోగిన తరువాత కార్మికుడు ఏ కప్పు కిందికి పోయినాడో, ఆ కప్పు మీద అతనికి ఏ హక్కు వున్నదో వ్రాసిన వారు అరుదు. బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్‌ను ఈ దృష్టితో చూడవలసిన అవసరం వున్నది.

మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. నీటి కింద ఊళ్ళు మునిగినాయి. నీటి వెంట చెరకు వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, కాలువల వెంట 'క్యాంపులు' కట్టుకున్నారు. చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 1929లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన పారిశ్రామిక నిధి దానికి మూలధనం సమకూర్చింది. ఆ ఖజానా నింపినది రైతు కట్టిన శిస్తేనని మరువరాదు.

ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఊరికి చక్కెర పేరే పెట్టినారు. అధికారులకు బంగళాలు, కార్మికులకు క్వార్టర్లు. ఇక్కడ ఒక భేదం గమనించాలి. క్యాంపులో రైతు ఇల్లు రైతుది. శక్కర్‌నగర్‌లో కార్మికుని ఇల్లు కంపెనీది. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. అందుచేత క్వార్టరు సౌకర్యం మాత్రమే కాదు, సంకెల కూడా. సమ్మె చేయబోయే వానికి జీతంతో పాటు కప్పు కూడా గుర్తుకు వస్తుంది. 1948లో నిజాం పాలన పోయింది. కర్మాగారం ప్రజాప్రభుత్వం చేతికి వచ్చింది. ఇంటి పత్రం మాత్రం కార్మికుని చేతికి రాలేదు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యానికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. గానుగ ఆగిన నాడు క్వార్టరు మీద కార్మికుని హక్కు ఎంతటిదో తేలిపోయింది.

మరో మార్గం లేదా? 1960ల ఆరంభంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవు కార్మికులు తమ పెన్షన్ నిధి అండతో సెయింట్ ఫ్రాన్సిస్ స్క్వేర్ కట్టించినారు. మూడంతస్తుల వరుస ఇళ్ళు, 299 కుటుంబాలు, మధ్య ఉమ్మడి తోటలు. నల్లవారు, తెల్లవారు, ఆసియావారు ఒకే ఆవరణలో కాపురమున్నారు. ఇల్లు యజమానిది కాదు, విడిగా ఎవరిదీ కాదు, సంఘానిది. సభ్యునికి వాటా వుంటుంది, నిర్ణయంలో ఓటు వుంటుంది. పనిచేసే చోటు మూతపడినా వాటా రద్దు కాదు. అయితే ఆ స్థలం కూడా నల్లజాతి పేదల ఇళ్ళు పడగొట్టి ఖాళీ చేయించినదే. నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్ళ వలెనే ఆ ఇళ్ళనూ లెక్కలో చేర్చాలి.

సహకారమన్న పేరే మంత్రం కాదు. మన రాష్ట్ర రాజధానిలో 1962 నాటి జూబ్లీహిల్స్ సంఘం సభ్యులకు ప్లాట్లు పంచింది. ప్లాటు ఒక్కరి పేర రిజిస్టరయిన నాడే సహకారం ముగిసి బజారు మొదలవుతుంది. నిజామాబాద్ దగ్గర సారంగాపూర్‌లో సహకార చక్కెర కర్మాగారమే వెలిసింది, అదీ మూతపడింది. కాబట్టి అడగవలసిన ప్రశ్న బోర్డు మీద ఏమి వ్రాసి వున్నదని కాదు. భూమి ఎవరిది, నిర్ణయం ఎవరిది అని.

జీతం కోసం, బోనసు కోసం కార్మికుడు పోరాడినాడు. ఇంటిని మాత్రం యజమాని దయగానే స్వీకరించినాడు. ఈ లోటుకు అతనొక్కడినే తప్పుపట్టలేము. ఉద్యమమూ, దానికి అక్షరమిచ్చిన మనమూ బాధ్యులమే. రేపు బోధన్‌లో గానుగ మళ్ళీ తిరిగినా, మరోచోట కొత్త చిమ్నీ లేచినా, కూలి ఒప్పందంతో పాటు ఇంటి ఒప్పందం కూడా కార్మిక సంఘం బల్ల మీద పెట్టాలి. కప్పు మీద హక్కు లేని కార్మికుని స్వాతంత్ర్యం సగమే.