లైటు ఆరేదాకా ఆగన్నా

1999 మే నెల. స్టేషన్ ఘన్‌పూర్ ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న డీటీపీ సెంటర్లోకి మీరు వచ్చారు. చెప్పులు బయట విడిచి, దుమ్ము రాకుండా కట్టిన పరదా తప్పించి లోపలికి పోతే ఒకటే గది. తెర మీద పేజ్‌మేకర్ తెరిచి ఉంది. అను ఫాంట్లలో మీ చెల్లె లగ్గం కార్డు. ప్రూఫ్ దిద్దడం అయిపోయింది. రంగుల కార్డు కాబట్టి ఇక్కడి లేజర్ ప్రింటర్‌తో పని కాదు. ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించుకొని, పాసింజర్‌లో కాజీపేట దిగి, హన్మకొండలోని ఆఫ్‌సెట్ ప్రెస్సుకు చేర్చాలి.

ఆపరేటర్ ఫైలును ముందు హార్డ్ డిస్కులో సేవ్ చేశాడు. పేజ్‌మేకర్ నుంచి నేరుగా ఫ్లాపీలోకి సేవ్ చేసే అలవాటు అతనికి లేదు. నల్లటి ఫ్లాపీని డ్రైవులోకి తోశాడు. టక్కున కూర్చుంది. పచ్చ లైటు వెలిగింది. నిమిషానికి 300 చుట్లు తిరిగే డిస్కు సన్నగా గుర్రుమంటోంది. ఫైలు ఎక్కుతున్నంతసేపూ తెర మీద కాగితాలు ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి ఎగురుతున్నాయి. కాసేపటికి ఆ బొమ్మ మాయమైంది. మీ చెయ్యి డ్రైవు కిందున్న మీట మీదికి పోయింది.

"ఆగన్నా, తియ్యకు. లైటింకా వెలుగుతాంది."

"అయిపోయింది గదా తమ్మీ. బండి టైమైతాంది."

"తెర మీద అయిపోయింది. డిస్కుల గాలేదు."

ఇప్పుడు చెవి పెట్టి వినండి. ఇందాకటి దాకా డ్రైవులో రాసే హెడ్డు చిన్న చిన్న అడుగులేస్తూ లోపలి ట్రాకుల వైపు జరిగింది. ఇప్పుడు ఒక్కసారిగా గర్ర్‌మని వెనక్కి, అంచు దాకా వచ్చేసింది. ఆ శబ్దంలోనే అసలు సంగతంతా ఉంది. ఫ్లాపీలో ఒక్కో పక్క 80 ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 512 బైట్లు. అంచున ఉన్న మొదటి ట్రాకులోనే ఫ్యాట్ అనే పట్టిక ఉంటుంది. ఏ ఫైలు ముక్క ఏ గదిలో ఉందో రాసిపెట్టుకునే చిట్టా అది. దాని పక్కనే ఫైళ్ల పేర్లు, సైజులు. మ్యాటరంతా లోపల రాశాక చివరికి ఈ చిట్టా నింపడానికే హెడ్డు వెనక్కొస్తుంది. ఆ క్షణంలో మీట నొక్కితే మీ చెల్లె పేరు, ముహూర్తం, విందు జరిగే చోటు అన్నీ డిస్కు మీదే ఉంటాయి. కానీ అవెక్కడున్నాయో చెప్పే రాత ఉండదు. ప్రెస్సులో తెరిచిచూస్తే ఫైలు పేరు పక్కన సైజు సున్నా అని కనిపించినా కనిపించొచ్చు. డిస్కును సరిచూసే స్కాన్‌డిస్క్ నడిపితే దిక్కులేని ముక్కలను సీహెచ్‌కే అనే తోక ఉన్న ఫైళ్లుగా ఏరిపెడుతుంది. పేజ్‌మేకర్ వాటిని తెరుస్తుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది ఊహించరు. తొందరపడి ఒక ఫ్లాపీ తీసి ఇంకోటి పెడితే, మార్పును డ్రైవు గమనించకపోతే, మొదటిదాని చిట్టాను కంప్యూటర్ రెండోదాని మీద రాసేస్తుంది. ఒక్క తొందరకు రెండు డిస్కులు పోతాయి. 1984లో వచ్చిన మెకింతోష్‌లో ఫ్లాపీ తీసే మీటే లేదు. కంప్యూటర్ రాయడం ముగించి, తనే బయటికి తోసేది. అప్పటి మన పీసీల్లో మీట నేరుగా డిస్కును బయటికి తోసేది, విండోస్ దాన్ని ఆపలేకపోయేది. అంత విలువైన క్షణాన్ని మనిషి తొందర చేతికి వదలడం తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఫ్యాను నెమ్మదించింది. వోల్టేజీ పడిపోతోంది. ఆపరేటర్ ఒక కన్ను ఫ్యాను మీద, ఒక కన్ను లైటు మీద పెట్టాడు. యూపీఎస్ లేదు, స్టెబిలైజర్ ఉందంతే. మౌసు బాణం కదలడం లేదు. వెనక బెంచీ మీద కూర్చున్నాయన "రీసెట్ కొట్టరాదు" అన్నాడు. ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు. రాస్తుండగా రీసెట్ కొట్టినా, కరెంటు పోయినా సెక్టారు సగంలో ఆగిపోతుంది. దాని చివర రాసుండాల్సిన సరిచూపు సంఖ్య లోపలి రాతతో కలవదు. ఇక ఆ సెక్టారును చదవలేనని డ్రైవు మొండికేస్తుంది. అదీగాక, ఫ్లాపీ లోపలుండగా కంప్యూటర్ మళ్లీ లేస్తే ముందు దాన్నే చదవబోతుంది. అందులో బూట్ సెక్టార్ వైరస్ ఉంటే నేరుగా హార్డ్ డిస్కులోకి ఎక్కుతుంది.

బాణం కదిలింది. హెడ్డు చప్పుడు ఆగింది. రెండు సెకన్లకు గుర్రు ఆగి, లైటు ఆరింది.

"ఇగ తియ్యన్నా."

తీశారు. అతను మళ్లీ పెట్టమన్నాడు. తీయకుండానే చూస్తే కంప్యూటర్ తన జ్ఞాపకంలో ఉన్న జాబితానే చూపి మోసం చేయొచ్చట. కొత్తగా పెట్టి, ఫ్లాపీలోంచే ఫైలు తెరిచాడు. కార్డు నిండుగా వచ్చింది. ఆ తర్వాత ఫ్లాపీ తీసి, దాని మూల మీదున్న చిన్న తలుపు జరిపి కిటికీ తెరిచాడు, ఇక దాని మీద ఎవరూ రాయలేరు. ఇంకో ఫ్లాపీలోకీ అదే ఫైలు ఎక్కించి, రెండింటినీ వేరువేరు జేబుల్లో పెట్టుకోమన్నాడు.

పాసింజర్ కూత వినిపిస్తోంది. పైసలిచ్చి, చెప్పులేసుకొని స్టేషన్ వైపు పరుగెత్తండి.