ఇంటిముంగిటి పూలపొదలు

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల యిండ్లముందు మందారము, నందివర్ధనము, గన్నేరు తఱచుగా కానవచ్చును. ఇట్టి ముంగిటి మొక్కలన్నియు తాతలనాటి స్వదేశపు చెట్లేయని మనము తలంతుము. వాని చరిత్ర యంత సూటియైనది కాదు.

పురాణములందు మందారము స్వర్గమునందలి యైదు దేవతరువులలో నొకటి. మన యెఱ్ఱపూల పొదకు సంస్కృతమున జపాకుసుమమని వేఱు పేరు కలదు. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి 'చీనాగులాబి' యను నర్థమిచ్చు లాటిను నామ మొసగెను. దేవతరువు పేరిట దానిని పిలుచుకొన్నది మన భాష. ఒడియాలోను మందారమే, కనుక బరంపురపు తెలుగు ఇల్లాలు పొరుగింట పూవడుగుటకు వేఱు మాట వెదకనక్కఱలేదు. బెంగుళూరున నది దాసవాళము, చెన్నపురిలో సెంబరుత్తి, పుణెలో జాస్వందము.

దేవగన్నేరు కథ మఱింత విచిత్రము. పేరులోనే దేవుడున్నాడు, గుడి ప్రాంగణములలో నీడ నిచ్చుచున్నది. అయినను దాని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. పూజకు కోయు పచ్చగన్నేరును ఆ దిక్కునుండి వచ్చినదే. కాగితపుపూల మొక్క దక్షిణ అమెరికాది. ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ 1766లో భూప్రదక్షిణకు బయలుదేరగా, వెంట నున్న వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మెర్సోను దానిని బ్రెజిలు తీరమున కనుగొనెను. నావికుని పేరే దానికి స్థిరపడెను. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానామువారికి ఈ పేరు పలుకుట కష్టము కాదు కాబోలు!

ఇటువంటి పరదేశపు మొక్కలు మన దేశమున వ్యాపించుటకు పెద్దతోటలు తోడ్పడెను. బెంగుళూరు లాల్‌బాగును 1760లో హైదరాలీ ప్రారంభించెను. టిప్పు పలుదేశముల మొక్కలు తెప్పించెను. 1856లో నది ప్రభుత్వోద్యానమయ్యెను. చెన్నపురి ఉద్యానసంఘము 1835 నాటిది.

అయితే ముంగిళ్లకు వానిని చేర్చినది చాలవఱకు స్త్రీల చేతి చలువయే. ఈ మొక్కలలో పెక్కింటికి విత్తుతో పనిలేదు. తొలకరిలో పెన్సిలంత కొమ్మ నాటిన చాలును. దేవగన్నేరు కొమ్మను మాత్రము పాలు ఆరువఱకు కొన్నాళ్లు నీడనుంచవలెను. కొమ్మనుండి లేచినది వేఱు మొక్క కాదు, తల్లిచెట్టే మఱియొకచోట నిలిచినట్లు. ముత్తవ్వ పుట్టింటినుండి తెచ్చిన నందివర్ధనము మనుమరాలి వాకిట పూయుటలో అతిశయోక్తి లేదు.

మందారము క్రొత్త చిగుళ్ల కొసలనే పూయును; కావున కత్తిరించుటకు జంకరాదు. పిండినల్లి పట్టిన కొమ్మను వెంటనే తీసివేయవలెను. గన్నేరు విషము గనుక పశువులు ముట్టవు; కంచెకు పనికివచ్చినది అందువలననే. పచ్చగన్నేరు గింజ ప్రాణాంతకము. పసిపిల్లలున్న ఇంట దానిని నాటకుండుట మేలని మా యభిప్రాయము.

మా చింత యొక్కటే. నేటి పిల్లలు నందివర్ధనమును నందిబట్టలనియో, నందియావట్టైయనియో యెఱుగుదురు. ఇరుగుపొరుగు భాష నేర్చుట తప్పనము. కాని తెలుగుబడి లేనిచోట పూలబుట్టయే వాచకము. ఆ పేర్లును పోయినచో ఇంటిలో మిగులు తెలుగెంత? ముంగిలి లేని అంతస్తుల యిండ్లలోను మందారము తొట్టిలో బ్రదుకును. అడుగున రంధ్రముండవలెను, పూటకొంత యెండ తగులవలెను. నీరు పోయు పని పిల్లలకప్పగింపుడు, పేరు తెలుగున చెప్పి.