ఎక్స్, వై లేకుండా ధర కనుక్కుందాం: 1100 ఏళ్లకు పైబడిన లెక్క

ముందు ఒక లెక్క. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107. అదే 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. మరి ఒక్కో పండు ధర ఎంత?

టెన్త్ పరీక్ష పేపర్‌లోదిలా ఉంది కదా? కానీ ఇది దాదాపు 850 నాటిది. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహంలో ఉంది.

నేనైతే ఇలా చేస్తాను, చూడండి. రెండు బేరాలూ కలపండి. 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు, మొత్తం 208. అంటే ఒక జత 13. ఇప్పుడు మొదటి బేరంలోంచి రెండోది తీసేయండి. 2 మాదీఫలాల ధర 2 వెలగపండ్ల కన్నా 6 ఎక్కువ. అంటే ఒక్కోదానికి తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. అంతే!

ఈ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అదీ మన సాహిత్యం తొలినాళ్లలోనే. అందుకే "తెలుగు మీడియం వాళ్లకి మ్యాథ్స్ రాదు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బేరసారాల లెక్క మన భాషకి కొత్తేం కాదు. ఎక్స్ అనేది తెలియని ధరకి పెట్టుకున్న పేరు, అంతకు మించి భయపడాల్సిందేం లేదు.

ఇక మీ వంతు. 3 సమోసాలు, 2 టీలు 65 రూపాయలు. 2 సమోసాలు, 3 టీలు 60. ఒక్కో సమోసా ఎంత, టీ ఎంత? పెన్ను ముట్టుకోకుండా చెప్పండి చూద్దాం!