చేవలేని చెక్కకు చేవ

ఆరుబయట వేసిన చెక్క బల్ల ఎండకు రంగు వెలుస్తుంది, అంతే. దాన్ని చంపేది ఆరని తడి. కాలు నేలను తాకే చోట, పలకకూ పలకకూ మధ్య సందులో, బోల్టు దిగిన చిల్లులో నీరు నిలిచి చెక్క పుచ్చుతుంది, ఆపైన చెదలు. టేకు చేవ దీన్ని సహజంగానే తట్టుకుంటుంది. అమెరికాలో చవగ్గా దొరికే సదరన్ పైన్‌కు ఆ శక్తి లేదు. అయినా ఏటవాలు కాళ్లకే బెంచీలు బిగించిన పిక్నిక్ బల్లను అక్కడి పెరళ్లలో మామూలు మనుషులు సెలవు రోజుల్లో ఆ పైన్‌తోనే చేసుకున్నారు. ఈ ఘనతను కరెంటు రంపానికీ డ్రిల్లుకూ కట్టబెట్టడం రివాజు. నా లెక్కలో అందులో పెద్ద వాటా డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశంది.

మైలుతుత్తం చెక్కను కాపాడుతుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. కానీ నీళ్లలో కరిగించి పట్టించిన మందు వాన నీళ్లతోనే కొట్టుకుపోయేది. 1933లో కామేశం మైలుతుత్తానికి ఆర్సెనిక్‌నూ డైక్రోమేట్‌నూ జోడించారు. మైలుతుత్తంలోని రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదల్ని చంపుతుంది. డైక్రోమేట్‌లోని క్రోమియం ఈ రెండింటినీ సులభంగా కరగని రూపంలోకి మార్చి చెక్క నారకు పట్టి ఉంచుతుంది. అసలు కిటుకు ఈ మూడోదే. ఉక్కు సిలిండర్లో చెక్కను పేర్చి, గాలి లాగేసి, ఒత్తిడితో మందును ఎక్కిస్తే పలక లేత ఆకుపచ్చగా బయటికొస్తుంది. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలను కలిపి దానికి ‘అస్కూ’ అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది.

అంతకుముందే క్రియోసోట్ ఉంది కదా అనొచ్చు. ఉంది, రైలు పట్టాల కింది స్లీపర్లను అదే కాపాడింది. కానీ తారు వాసన కొడుతూ బట్టలకు అంటుకునే ఆ నూనె పట్టించిన బల్ల మీద ఎవరు అన్నం తింటారు? అస్కూ ఎక్కించిన చెక్క ఆరాక పొడిగా ఉంటుంది, వాసన రాదు, రంగు పడుతుంది. స్తంభాలకు పనికొచ్చిన మందు పెరటి బల్లకూ పనికొచ్చింది అందుకే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఆర్సెనిక్ గురించి. అది కొద్దికొద్దిగా బయటికి వస్తుందనీ, పిల్లల చేతులకు అంటుతుందనీ తేలాక, తయారీదారులు 2003 చివరికల్లా అమెరికాలో ఇళ్ల వాడకానికి దాన్ని మానేశారు. మానడమే సరైంది, అన్నం తినే చోట ఆర్సెనిక్ ఉండకూడదు. అయితే ఆ తర్వాత వచ్చిన మందులు ఆర్సెనిక్‌నూ క్రోమియాన్నీ వదిలాయి గానీ రాగిని వదల్లేదు, సిలిండర్నూ వదల్లేదు. పైగా రాగి పాలు పెరగడంతో మామూలు మేకులు త్వరగా తుప్పు పడుతున్నాయి. మందంగా జింకు పూత పట్టినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కొట్టాలి. మందు పట్టిన పలకను అడ్డంగా కోస్తే ఒక్కోసారి మధ్యలో పాలిపోయిన చెక్క బయటపడుతుంది. అంత లోతుకు మందు దిగలేదన్నమాట. జాగ్రత్త తెలిసినవాళ్లు ఆ కోసిన మొనలకు రాగి మందు బ్రష్‌తో పూసి, ఆరాకే కాళ్లు నిలబెడతారు.