పోడు చేలో గుమ్మడి

సీలేరు నది మీది డొంకరాయి జలాశయం చుట్టూ కొండవాలుల్లో, అడవి నరికి కాల్చి సాగుచేసే పోడు చేను ఒక్క పంటతో నిండదు. సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, చిక్కుడు కలిసే పెరుగుతాయి. వాటి మధ్య, సగం కాలిన మొద్దుల మీదుగా గుమ్మడి తీగ పాకుతుంది. తొలకరికి బూడిదలో నాటిన గింజ వానలు వెనుకపట్టే వేళకు కాయలనిస్తుంది. చూస్తే ఈ తీగ కొండతోపాటే పుట్టిందనిపిస్తుంది గాని, ఇది సముద్రాలు దాటి వచ్చిన మొక్క.

గుమ్మడిని మొదట సాగుచేసింది అమెరికా ఖండపు ఆదివాసులు. మెక్సికోలోని ఒహాకా ప్రాంతపు గుహలో దొరికిన దీని గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. 16వ శతాబ్దం నుంచి సాగిన పోర్చుగీసు వర్తకం వల్ల మిరప, మొక్కజొన్నల్లాగే ఇదీ భారతదేశానికి చేరింది. అంతకుముందు ఇక్కడివారికి తెలిసినవి ఆనప, బూడిద గుమ్మడి. ఏజెన్సీలో కల్లుకూ నీళ్లకూ ఎండబెట్టే బుర్ర ఆనపకాయదే.

ఆచారాలు ఎక్కువగా బూడిద గుమ్మడి చుట్టూ అల్లుకోవడానికి ఈ పాతకాపుతనం కూడా ఒక కారణం కావచ్చు. గృహప్రవేశంనాడు గుమ్మానికి కట్టేది, జంతుబలికి బదులు కుంకుమ పూసి పగలగొట్టేది, సినిమా షూటింగు ముగిశాక కొట్టేది అదే. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్న సామెతా దానిదే. ముదిరిన కాయ మీది తెల్లటి పొడి మోసినవాడి భుజానికి అంటుకుంటుంది. తీపి గుమ్మడికి అంత పొడి ఉండదు కాబట్టి దాని దొంగకు ఆ బెంగ లేదు. మైదానంలో తీపి గుమ్మడికి దక్కిన గౌరవం సంక్రాంతి దప్పళంలోనూ, గొబ్బెమ్మల మీది పసుపు పువ్వులోనూ ఉంది.

కొండల్లో దీని విలువ తిండిలో ఉంది. పచ్చి గుజ్జులో నూటికి 92 పాళ్లు నీరే. 100 గ్రాములకు దాదాపు 26 కెలోరీలు. కడుపు నింపే పని సామ, చోళ్లదే. గుమ్మడి ఇచ్చేది బీటా కెరోటిన్, 100 గ్రాములకు సుమారు 3 మిల్లీగ్రాములు. శరీరం దాన్ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఆ విటమిన్ కొరవడితే ముందుగా వచ్చేది రేచీకటి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి ఎ విటమిన్ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. ఇప్పగింజల నూనెలాంటిది ఏదైనా సరిపోతుంది. వేయించిన గింజ పప్పులో 100 గ్రాములకు దాదాపు 30 గ్రాముల మాంసకృత్తులు, మెగ్నీషియం, జింకు ఉంటాయి. చిగుళ్లు, పువ్వులు వానల్లోనే కూరకొస్తాయి. తొడిమ ఊడకుండా కోసిన ముదురు కాయ పొడిచోట నెలల తరబడి నిలుస్తుంది. కూరగాయలు దొరకని ఎండాకాలంలో ఈ నిలవే అక్కరకొస్తుంది.

అయితే గుమ్మడి బతుకు పోడుతో ముడిపడింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవుల్లో పోడుకు అడ్డంకులు పెరిగాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఆ ఆంక్షలూ కారణమే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చాక పోడు భూములు కొన్నిచోట్ల జీడిమామిడి తోటలయ్యాయి. చెట్లు ఎదిగి నీడ కమ్మితే గుమ్మడి సరిగా కాయదు. అలాంటి చోట్ల దీనికి మిగిలేది ఎండ తగిలే ఇంటి పెరడు, పాక కప్పు.